ఆకలేస్తేనే ఉచ్చు పన్నే బూజు

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పది మునగపాక దగ్గర ఒక పల్లె. కాలవ ఒడ్డున ఉన్న అర ఎకరం చెక్కలో వంకాయలు పండించి, పొద్దున్నే ఆటోలో వేసుకుని అనకాపల్లి రైతుబజారుకు తెచ్చి అమ్ముతుంది. సరుకు అయిపోయాక ఖాళీ గోనెలు మడిచి చంకలో పెట్టుకుని ఆ ఊళ్ళోనే ఉన్న మా ఇంటికి వస్తుంది. నేను కాలేజీకి బయలుదేరే హడావుడిలో ఉంటే, ఆవిడ తీరుబడిగా టీ తాగుతూ బజారు కబుర్లు చెబుతుంది. ఆ రోజు మాత్రం కబుర్లు లేవు. గోనెలోంచి వేళ్ళతో సహా పీకిన వంగ మొక్కని తీసి, మట్టి రాలుతున్నా చూసుకోకుండా నా భోజనాల బల్ల మీద పెట్టింది.

ఉతికిన గుడ్డ పరిచి గంటైనా కాలేదు. కసిరాను. నాకు కోపం ముందు వస్తుంది, ఎదురుగా ఉన్నది కనిపించడం తర్వాత.

"కోపం తరవాత పడుదువు గానీ, ముందు ఏర్లు సూడు," అంది అప్ప. "అల్లం ముక్కల్లాగ ఏటే ఇవి?"

నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఈ వేరు బొమ్మని ఎన్ని బ్యాచిలకు బోర్డు మీద వేశానో లెక్కలేదు. బుడిపెలు బుడిపెలుగా ఉబ్బిన వేరు, దాని పక్కన బాణం గుర్తు, బాణం చివర పేరు. చేత్తో పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది సంతోషం. అది మొహంలో కనిపించేసినట్టుంది.

"నా తోట సచ్చిపోతంటే నీకు నవ్వొత్తందేటే?" అంది.

కాలేజీకి సెలవు పెట్టేశాను. పాతబడిందని ఎవరో అమ్మేస్తుంటే కొనుక్కున్న మైక్రోస్కోపు ఒకటి నా దగ్గర ఉంది. బుడిపెను బ్లేడుతో చీల్చి, లోపల ఆవగింజకన్నా చిన్నగా మెరుస్తున్న తెల్లటి పూసను సూదితో తీసి, గాజు పలక మీద పెట్టి చూపించాను. అది పురుగు. ఆడది. వేరులో ఒకచోట మూతి గుచ్చుకుని, ఇక అక్కణ్ణించి కదలకుండా, తాగుతూ లావెక్కుతూ వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు మట్టిలోని తడిలో ఈదుకుంటూ మరో వేరు వెతుక్కుంటాయి. వీటిని నులిపురుగులంటారని చెప్పాను.

"పిల్లల కడుపులో ఉంటాయి, అయ్యేనా?"

"వాటికి చుట్టాలు. ఇవి మొక్కల్ని పట్టుకుంటాయి."

అప్ప ఒక కన్ను మూసి రెండో కంటితో చాలాసేపు చూసింది. "కాళ్ళు నేవు, కళ్ళు నేవు. రెండు పంటలు ఇదే తినేసిందా?" అంది. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. మేమిద్దరం ఒక తల్లి పిల్లలమని నాకు అలాంటప్పుడే బాగా తెలుస్తుంది.

నిజంగానే రెండు పంటలు పోయాయి. మొదటిసారి నీళ్ళు ఎక్కువయ్యాయనుకున్నారు. రెండోసారి దిష్టి తగిలిందనుకున్నారు. మధ్యలో మా బావ మందుల షాపువాడు ఇచ్చిన గుళికలు చల్లాడు. మొక్కలు కొన్నాళ్ళు తేరుకున్నట్టే కనిపించి, పూతకొచ్చేసరికి మళ్ళీ ఎండెక్కగానే తలలు వాల్చేశాయి. బావకి విసుగొచ్చింది. చెరకు, వరి ఆయన చూసుకుంటాడు, ఈ చెక్క మాత్రం అప్పది. ఇంకో పంట కూడా పోతే సరుగుడు వేసేస్తానన్నాడు. మా చుట్టుపక్కల చాలామంది అదే చేశారు. సరుగుడు మొక్కలు ఒకసారి పాతితే కొన్నేళ్ళదాకా ఆ చేను మొహం చూడక్కర్లేదు.

"మనిసి అక్కర్లేదు, నీరు అక్కర్లేదు. మీ అప్ప నడుం కూడా నిలబడతాది మరదలా," అన్నాడు నాతో. బావ చెడ్డవాడు కాదు. ఆ మాటలో ఆవిడ మీద ప్రేమ కూడా ఉంది. అందుకే ఎదురు చెప్పడం కష్టం.

అప్ప మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చుంది. "మనిసి అక్కర్లేదంట. మరి నానేటి సెయ్యాల? పొద్దున్నే లెగిసి ఎక్కడికెల్లాల?" అని నన్నడిగింది. బజారులో ఆవిడకొక చోటుంది. పక్కన ఆకుకూరలావిడ, ఎదురుగా నిమ్మకాయలావిడ. ఆవిడ వంకాయల కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఊళ్ళో ఆవిడ ఫలానా వాళ్ళ కోడలు, ఫలానా ఆయన భార్య. బజారులో మాత్రం వంకాయలప్ప. ఆ అర ఎకరంలో సరుగుడు పాతితే వంకాయలప్ప ఉండదు. ఈ మాట ఆవిడ అనలేదు, నేను అంటున్నాను.

మేం చెప్పే పుస్తకంలో ఒక బూజు గురించి ఒకే ఒక్క పేరా ఉంటుంది. పరీక్షలో రాదు కాబట్టి ఎవరూ చదవరు. మట్టిలో ఉండే కొన్ని బూజులు నులిపురుగుల్ని వేటాడతాయని అందులో రాసి ఉంటుంది. కొన్ని జిగురు వలలు అల్లుతాయి. కొన్ని ఉచ్చులు పన్నుతాయి, కుందేళ్ళకి పన్నినట్టే. అప్ప వెళ్ళిపోయాక ఆ పేరా తీసి మళ్ళీ చదివాను. నోరు లేదు, కాళ్ళు లేవు, ఉన్నచోటునుంచి కదలదు. అలాంటిది వేటాడటమేమిటి? పురుగు వచ్చిందని దానికెలా తెలుస్తుంది? వంట మాడింది గానీ ఆ ఆలోచన వదల్లేదు.

షాపుల్లో పొట్లాలుగా అమ్మే బూజులూ ఉన్నాయి, నులిపురుగుల గుడ్లను తినే రకం. అవి మంచివే. బుద్ధి ఉన్నవాళ్ళయితే అవే కొని చల్లుకుంటారు. నాకు మాత్రం ఉచ్చు పన్నేది కావాలి, దాన్ని నా కళ్ళతో చూడాలి. రైతుకి పనికొచ్చే ఆలోచన కాదది, నా పిచ్చి.

దాన్ని పట్టే పద్ధతి వంటింట్లోనే చెయ్యొచ్చు. చైనా గ్రాస్‌ని ఉత్త నీళ్ళలో మరిగించి, మూతలున్న గాజు పళ్ళేల్లో పోస్తే జెల్లీలా పల్చగా గడ్డకడుతుంది. దానిమీద చిటికెడు మట్టి చల్లి, ఎరగా బతికున్న నులిపురుగుల్ని వదలాలి. కుళ్ళిన ఆకుల్లో దొరికే మామూలు రకమైనా చాలు. మట్టిలో వేటగాడుంటే బయటికొస్తాడు. అప్ప చేలో మట్టి, కాలవగట్టు మట్టి, రాంబిల్లి వెళ్ళినప్పుడు సరుగుడు తోటలో ఇసక, మా పూలకుండీల్లో మట్టి, అన్నీ చల్లాను. పచ్చబూజు వచ్చింది, నల్లబూజు వచ్చింది, రొట్టె మీద వచ్చే బూజు వచ్చింది. బావ ఊళ్ళో అందరికీ మా మరదలు అనకాపల్లిలో మట్టి వండుతోందని చెప్పుకున్నాడు.

చివరికది అప్ప ఇంటి వెనక గత్తం కుప్పలో దొరికింది. గత్తమంటే పశువుల ఎరువు. కుప్ప అడుగున, బాగా మాగి నల్లబడ్డ చోటునుంచి తెచ్చిన చిటికెడు అది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అప్ప మా ఇంట్లోనే భోంచేసి చాప మీద నడుం వాల్చింది. నేను ఆ పళ్ళేన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నటి దారాలు అటూ ఇటూ పాకి ఉన్నాయి. ఆ దారాలకి పక్కనుంచి పొట్టి కాడలు, కాడల చివర ఉంగరాలు. ఒక్కో ఉంగరంలో మూడేసి గదులు, అంటే కణాలు. 

ఒక పురుగు మెలికలు తిరుగుతూ వచ్చింది. ఒక ఉంగరాన్ని రాసుకుని పక్కకి పోయింది. ఇంకో ఉంగరంలో తల దూర్చింది. అంతే, రెప్పపాటులో ఆ మూడు గదులూ ఒక్కసారిగా లోపలికి ఉబ్బి దాన్ని బిగించేశాయి. గదులు ఉబ్బడం నేను చూడనేలేదు. ముందు ఖాళీ ఉంగరం, తర్వాత బిగిసిన ఉంగరం, రెండింటి మధ్యలో ఏమీ లేదు. పురుగు తోక కొట్టుకుంటూనే ఉంది. అప్పని లేపాను. లేపానంటే, అరిచాను.

కళ్ళు నులుముకుంటూ వచ్చి చూసింది. "పాపం," అంది ముందు. మళ్ళీ కన్ను ఆనించి, "ఇంకోటి పడిందా?" అంది. ఆ సాయంత్రం దాకా ఇద్దరం వంతులేసుకుని చూశాం. మర్నాటికి ఆ పురుగు చర్మం మాత్రం మిగిలింది. లోపలంతా బూజు దారాలే. పురుగుని గుటుక్కున మింగే నోరు లేదు కాబట్టి, తనే దానిలోకి వెళ్ళి తింటుంది.

ఉడికించిన నూకల మీద దాన్ని పెంచాను. సీసాలు నిండాక పాత గత్తంలో కలిపి, నాట్లప్పుడు ప్రతి గుంటలోనూ గుప్పెడు వేశాం. నులిపురుగులకి పడవని వేపపిండి వేశాం, గట్లమీద బంతి నాటాం. గత్తం మీద తెల్లగా దూదిలా బూజు లేచింది. అప్ప చూసి మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. పూత దశ దాకా మొక్కలు బాగానే ఉన్నాయి. తర్వాత ఒక మూల తలలు వాల్చాయి. పీకి చూస్తే అవే అల్లం ముక్కలు.

ఆ రోజు చాలా బాధపడ్డాను. పురుగుని ఉచ్చులో చూసిన కళ్ళతోనే మళ్ళీ ఆ బుడిపెలు చూడాల్సి వచ్చింది.  బావ నర్సరీకి వెళ్ళి సరుగుడు మొక్కలకి చెప్పి వచ్చాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

గట్టు మీద కూర్చుంటే నా కాలికి చీమలు పట్టాయి. మొక్కల మొదళ్ళ చుట్టూ బారులు తీరి ఉన్నాయి. "ఇన్ని చీమలేంటప్పా?" అన్నాను.

"బెల్లం నీళ్ళు పోత్తన్నాను గదే," అంది.

"ఎవరికి?"

"నీ బూజుకి. అంత పని సేత్తంది. ఉత్తినే సేయించుకుంటామేటి?"

ఇది అనకాపల్లి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా దగ్గర బెల్లం పెట్టకుండా ఎవరిచేతా పని చేయించుకోరు. ఊడ్పులకొచ్చిన ఆడవాళ్ళకి బెల్లంముక్క, ఈనిన ఆవుకి బెల్లం, కొత్త ట్రాక్టరు ఇంటికొస్తే దాని బానెట్ మీద కూడా బెల్లంముక్క పెడతారు. బెల్లం గానుగల మధ్య పెరిగిన మనిషి మా అప్ప. బూజు బతికున్నదని నేనే మైక్రోస్కోపులో చూపించాను. బతికున్నదానికి పెట్టకుండా ఎలా ఉంటుంది? వారం వారం బిందె నిండా కలిపి, మొక్క మొక్కకీ పోసిందట. గత్తం మీద తెల్లగా దూదిలా లేచిందీ ఆ బెల్లం చలవే.

అందులో తప్పేమిటో అప్పుడు నాకూ తెలియదు. మామూలుగా గత్తంలో బూజులు పెంచేవాళ్ళు బెల్లం నీళ్ళు చల్లుతూనే ఉంటారు. కానీ చీమలు కుట్టిన కాలితోపాటు ఒక అనుమానం కూడా పట్టుకుని ఇంటికొచ్చాను. రెండు పళ్ళేలు చేశాను. ఒకదాంట్లో ఎప్పటిలా ఉత్త చైనా గ్రాస్, రెండోదాంట్లో బెల్లంముక్క కరిగించాను. రెండింట్లోనూ బూజు వేసి పురుగుల్ని వదిలాను.

బెల్లం పళ్ళెంలో బూజు ఎంత ఒత్తుగా పెరిగిందో చెప్పలేను. దారాల మీద దారాలు, విత్తనాల్లాంటి సిద్ధబీజాల గుత్తులు. ఎంత వెతికినా ఉంగరం మాత్రం ఒక్కటి కూడా కనిపించలేదు. నులిపురుగులు ఆ దారాల మధ్య తిరునాళ్ళలో తిరిగినట్టు తిరుగుతున్నాయి. ఆకలి పళ్ళెంలో బూజు పల్చగా, కనీకనపడకుండా ఉంది. దాని నిండా ఉంగరాలు, ఉంగరాల్లో పురుగులు.

అప్పుడు వెతికి వెతికి చదివితే తెలిసింది. ఈ బూజు పుట్టుకతో వేటగాడు కాదు. తేలిగ్గా తిండి దొరికితే కుళ్ళిన ఆకులూ, తీపీ తింటూ సాధువులా బతికేస్తుంది. ఉచ్చు పన్నడం కష్టమైన పని, ఒంట్లో సత్తువ ఖర్చవుతుంది. తిండి కరువై, పక్కనే పురుగులు తిరుగుతున్నాయని వాటి ఒంటి వాసన తగిలినప్పుడే ఆ పనికి దిగుతుంది. చేలో మట్టి నా గాజు పళ్ళెం కాదని నాకు తెలుసు. అక్కడ ఆ బెల్లాన్ని తినడానికి ఇంకా ఎన్ని రకాల జీవాలుంటాయో, బెల్లం ఒక్కటే పంట చెడగొట్టిందో లేదో ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ రెండు పళ్ళేలు పక్కపక్కన చూశాక ఊరుకోలేకపోయాను.

అప్పకి రెండూ చూపించాను. చూసింది. ఒప్పుకోలేదు.

"ఆకలితో ఉన్నోలు పని సేత్తారేటే?"

"మనుషులు చెయ్యరప్పా. ఇది చేస్తుంది."

"అన్నం పెట్టకుండా సాకిరీ సేయించుకోడం నావల్ల కాదు."

"నువ్వు పెడితే నీ వంకాయలు పోతాయి. పెట్టకపోతే అది పురుగుల్ని తింటుంది. దాని కూడు అక్కడే ఉంది. నువ్వు ముందే కడుపు నింపేస్తున్నావు."

నా గొంతు లేచింది. ఆవిడదీ లేచింది. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు కూడా. చివరికి అప్ప ఆ ఆకలి పళ్ళేన్ని ఇంకోసారి కంటికానించి చూసి, "ఎంత సిక్కిపోయిందో," అని గొణిగింది. అదే ఒప్పుకోలు.

బావ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఇంకొక్క పంట అడిగాం. అప్ప మొగుణ్ణి నేరుగా అడగదు, నా మీదుగా అడుగుతుంది. నేను పక్కన ఉంటే నాకు వకీలు పని.

"మీ బావకి సెప్పు, ఈ పంట పోతే నానే గోతులు తవ్వి సరుగుడు పాతుతాను," అంది.

బావ తువ్వాలు దులుపుకుని, "సరే. కానీ కాపులో ఉండగా వచ్చి నాకు నచ్చిన మొక్క పీకుతాను. ఏర్లు బాగుంటే చెక్క ఉంచేద్దుం. నేదంటే నేదు," అన్నాడు. నర్సరీవాడికి మొక్కలు కొన్నాళ్ళు ఉంచమని చెప్పాడు.

వేసవి దుక్కి దున్నించి మట్టిని ఎండబెట్టాం. మళ్ళీ వేపపిండి, మళ్ళీ బంతి, మళ్ళీ నూకల మీద పెంచిన బూజు. కాలవ వైపున్న కొన్ని సాళ్ళకి మాత్రం బూజు వెయ్యొద్దన్నాను. అన్నిటికీ వేసేస్తే, బాగుపడ్డా అది వేపపిండి మహిమో బంతి మహిమో తేలదు కదా. ఇక్కడ మళ్ళీ గొడవ.

"ఈ సాళ్ళేం పాపం సేసేయే?" అంది అప్ప. నారు నాటుతున్నంతసేపూ ఆ సాళ్ళ వైపు వెళ్ళినప్పుడల్లా నన్ను చూసి మొహం తిప్పుకుంది. అయినా నా మాట నిలబెట్టింది. బెల్లం నీళ్ళూ పొయ్యలేదు. పోసిందేమోనని నేను చీమల కోసం వెతికాను. వెతకడం చూసి నన్ను తిట్టింది.

కాపు మొదలయ్యాక బావ వచ్చాడు. ఏ సాళ్ళకి బూజు వేశామో ఆయనకి చెప్పలేదు. నేరుగా కాలవ వైపు నడిచి, ఒక మొక్క పీకి, వేరు దులిపి చూశాడు. బుడిపెలు. "ఇదిగో," అన్నాడు మెల్లిగా. అప్ప మొహం చూడలేకపోయాను.

"అటుపక్కది పీకు బావా," అన్నాను.

"నువ్వు సూపించిన మొక్క నాను పీకను మరదలా," అని చేను మధ్యలోకి తన ఇష్టమొచ్చినట్టు నడిచాడు. ఒకటి పీకాడు. వేళ్ళు తెల్లగా, సన్నగా, జుట్టులా వేలాడుతున్నాయి. ఎక్కడో ఒకటీ అరా బుడిపె. దాన్ని కింద పెట్టి పక్క సాలులో ఇంకోటి పీకాడు. అదీ అంతే. మరో నాలుగడుగులు వేసి మరోటి. ఒక్కో వేరునీ బొటనవేలితో నలిపి నలిపి చూస్తున్నాడు. ఆయన నమ్మడం లేదు. పీకిన మొక్కలకి వంకాయలు వేలాడుతూనే ఉన్నాయి.

"ఒలే, మీ బావని ఆపమనే," అంది అప్ప. "పురుగు తిన్నదానికంటే ఈయన పీకిందే ఎక్కువైపోతంది."

బావకి వినపడినట్టు లేదు. ఇంకోటి పీకి చూసి, అప్పుడాగాడు. చేతిలోని మొక్కని మళ్ళీ అదే గుంటలో పెట్టి, కాలితో మట్టి తొక్కాడు. అలా పెడితే బతకదని మా ముగ్గురికీ తెలుసు.

"సరుగుడు మొక్కలు వద్దని నర్సరీవోడికి సెప్పేత్తాను," అన్నాడు, మొక్కని చూస్తూ.

 పీకేసిన మొక్కల దగ్గర అప్ప కూర్చుని, వాటికున్న వంకాయలు ఒక్కొక్కటే తెంపి ఒడిలో వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగు తెంపేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వరసగా మూడు పంటలు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. 

బావ చేతులకంటిన మట్టి దులుపుకోకుండా కంగారుగా నా దగ్గరికొచ్చాడు.

"ఏటి మరదలా, ఉంచేద్దుమన్నాక ఏడుత్తాదేటి?"

"ఉంచేద్దుమన్నావనే బావా," అన్నాను.